కోనో ఇంటి మూడు తరాలు: అందిన సీటు, అందని పీఠం

2021 సెప్టెంబరు 29న టోక్యోలో జపాన్ అధికార పార్టీ లిబరల్ డెమోక్రాటిక్ పార్టీ (ఎల్‌డీపీ) కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకుంది. పార్లమెంటులో మెజారిటీ ఆ పార్టీదే కనుక గెలిచినవాడే ప్రధాని. మొదటి రౌండులో కిషిదా ఫుమియోకు 256 ఓట్లు వచ్చాయి, కోనో తారోకు 255. చూడ్డానికి ఒక్క ఓటు తేడాయే. లోపలి లెక్క మాత్రం వేరుగా ఉంది. దేశమంతటా ఉన్న సామాన్య కార్యకర్తల వాటా 382 ఓట్లలో కోనోకు 169 పడ్డాయి, కిషిదాకు 110. పార్లమెంటు సభ్యుల దగ్గరికి వచ్చేసరికి కిషిదాకు 146, కోనోకు 86. మూడో అభ్యర్థి తకాయిచి సనాయెకు కూడా ఎంపీల్లో 114 మంది మద్దతు దొరికింది. దాదాపుగా ఎంపీల ఓట్లతోనే తేలే రెండో రౌండులో కిషిదా 257 తెచ్చుకున్నారు, కోనో 170 దగ్గర ఆగిపోయారు. ఊళ్లో కార్యకర్త కోరుకున్న మనిషిని సభలో పక్కన కూర్చునేవాళ్లు వద్దనుకున్నారు.

ఆ రోజు బరిలో ఉన్న నలుగురిలో ముగ్గురు రాజకీయ కుటుంబాల వాళ్లే. కిషిదా తాత, తండ్రి ఎంపీలు. కోనో తాత, తండ్రి ఎంపీలు, మంత్రులు. నోదా సెయికో తాత మంత్రిగా చేశారు. ఉద్యోగస్థుల ఇంటినుంచి వచ్చింది తకాయిచి ఒక్కరే. జపాన్‌లో ఇది వింత కాదు. 2006 నుంచి 2010 మధ్య వరసగా ప్రధానులైన నలుగురిని చూడండి. అబే షింజో కిషి నొబుసుకె మనవడు. ఫుకుదా యసువో ఫుకుదా తకెవో కొడుకు. అసో తారో యోషిదా షిగేరు మనవడు. హతోయామా యుకియో హతోయామా ఇచిరో మనవడు. నలుగురూ మాజీ ప్రధానుల కొడుకులో మనవలో. ఎల్‌డీపీ దిగువసభ సభ్యుల్లో మూడో వంతుకు అటూ ఇటూగా ఇలా కుటుంబ వారసత్వంతో వచ్చినవాళ్లే ఉంటూ వచ్చారు.

వారసత్వ రాజకీయాల మీద రాసేవాళ్లు మామూలుగా చేతకాని కొడుకుల్ని ఉదాహరణగా తీసుకుంటారు. అది తేలిక. నేను కోనో తారోను ఎంచుకోవడానికి కారణం ఆయన చేతకానివాడు కాకపోవడమే. చదువుకున్నవాడు, కష్టపడేవాడు, సొంత పార్టీకే ఎదురు మాట్లాడగలిగినవాడు. అలాంటి వారసుణ్ని ముందు పెట్టుకుంటేనే ఈ వ్యవస్థ ఏమిస్తోందో, ఏం లాగేసుకుంటోందో తెలుస్తుంది.

కోనో ఇంటి కథ కనగావా రాష్ట్రంలో సగామీ అఖాతం ఒడ్డున మొదలైంది. తాత కోనో ఇచిరో 1898లో పుట్టారు. వాసెదా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు హకోనే ఎకిదెన్ అనే దూరపు రిలే పరుగులో ఆయనా, తమ్ముడు కెంజో కూడా పరిగెత్తారు. కొత్త సంవత్సరం మొదట్లో జపాన్ అంతా టీవీల ముందు కూర్చుని చూసే ఆ పందెం దారి తర్వాత ఈ కుటుంబపు నియోజకవర్గాలైన హిరత్సుకా, ఒదవారాల మీదుగానే పోతుంది. ఇచిరో అసాహి పత్రికలో విలేఖరిగా చేసి 1932లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. యుద్ధం తర్వాత ఆక్రమణ ప్రభుత్వం ఆయన్ను ప్రజాజీవితం నుంచి నిషేధించింది. తిరిగొచ్చాక ప్రధాని యోషిదాకు కొరకరాని కొయ్యగా తయారై 1952లో పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. హతోయామా ఇచిరో ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రిగా 1956లో మాస్కో వెళ్లి చేపల వేట ఒప్పందం కుదిర్చారు. అదే సంవత్సరం సోవియట్ యూనియన్‌తో సంబంధాలు పునరుద్ధరించిన ఉమ్మడి ప్రకటన సమయంలో ప్రధాని పక్కనే ఉన్నారు. 1964 టోక్యో ఒలింపిక్స్ బాధ్యత చూసిన మంత్రీ ఆయనే. ఆ ఏడాది చివర ప్రధాని ఇకెదా జబ్బుపడి తప్పుకుంటూ వారసుడిగా సాతో ఎయిసాకును ఎంచారు. పోటీలో ఉన్న ఇచిరోకు అవకాశం దక్కలేదు. 1965 జులైలో ఆయన పోయారు.

తండ్రి సీటు కోసం కొడుకు యోహెయి 1967 జనవరిలో నిలబడ్డారు. అంతకుముందు మరుబేనీ కంపెనీ ఉద్యోగి. ముప్పై నిండీ నిండగానే గెలిచారు. ఇక్కడ కాస్త ఆగాలి. ఆ రోజుల్లో ఒక నియోజకవర్గం నుంచి ముగ్గురు, నలుగురు, ఐదుగురు దాకా ఎన్నికయ్యేవారు, ఓటరుకు మాత్రం ఒక్కటే ఓటు. ఒకే పార్టీ వాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకరిమీద ఒకరు పోటీపడాల్సి వచ్చేది. కాబట్టి పార్టీ పేరు చెప్పి గెలవడం కుదరదు. ప్రతి ఎంపీకీ సొంతంగా ఒక మద్దతుదారుల సంఘం కావాలి. దాన్ని కోఎన్‌కాయ్ అంటారు. అందులో ఊరి కాంట్రాక్టరు, రైతు సహకార సంఘం పెద్ద, కార్పొరేటర్లు, దుకాణదారులు, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు అందరూ ఉంటారు. పెళ్లికీ చావుకీ ఎంపీ తరఫు నుంచి ఎవరో ఒకరు వస్తారు. ఆ ఎంపీ చనిపోతే సంఘంలో పది మంది పెద్దలకు పది ఆశలు పుడతాయి. ఒకరిని నిలబెడితే మిగతా తొమ్మిది మంది చెదిరిపోతారు. కొడుకును తెచ్చి నిలబెడితే ఎవరి అహమూ దెబ్బతినదు, సంఘం చెదరదు. వారసత్వాన్ని పైనుంచి కుటుంబం రుద్దుతుందని మనం అనుకుంటాం. జపాన్‌లో చాలాచోట్ల అది కిందనుంచి సంఘం అడిగి తెచ్చుకునేది.

దీనికి జిబాన్, కన్‌బాన్, కబాన్ అని మూడు పేర్లు పెట్టుకున్నారు వాళ్లు. ఊళ్లో పునాది, పేరున్న బోర్డు, డబ్బు సంచి. మన దగ్గర కుటుంబం చేతిలో ఉండేది పార్టీ పగ్గాలు. అక్కడ కుటుంబం చేతిలో ఉండేది నియోజకవర్గం. ఈ తేడా గుర్తుంచుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

సీటు ఇంటిదని రుజువు చేసింది యోహెయే. లాక్‌హీడ్ లంచాల వ్యవహారం బయటపడ్డ 1976లో ఆయన మరో ఐదుగురితో ఎల్‌డీపీని వదిలి న్యూ లిబరల్ క్లబ్ పెట్టారు. ఆ డిసెంబరు ఎన్నికల్లో కొత్త పార్టీకి 17 సీట్లు వచ్చాయి. పార్టీ మారినా ఆయన సీటు ఆయనకే ఉంది. పదేళ్ల తర్వాత 1986లో ఆ పార్టీని రద్దుచేసి పాత గూటికి వచ్చారు, అప్పుడూ సీటు కదల్లేదు. 1993 ఆగస్టు 4న కేబినెట్ ముఖ్య కార్యదర్శిగా, యుద్ధకాలంలో సైన్యం కోసం స్త్రీలను లైంగిక బానిసత్వంలోకి దించిన వ్యవస్థలో సైన్యం పాత్రను ఒప్పుకుని క్షమాపణ చెప్పిన ప్రకటన విడుదల చేశారు. కోనో ప్రకటన అన్న పేరుతో అది ఇవాళ్టికీ జపాన్, కొరియాల మధ్య నలుగుతూనే ఉంది. అదే ఏడాది పార్టీ అధ్యక్షుడయ్యారు, కానీ ఆ వెంటనే పార్టీ అధికారం కోల్పోయింది. తిరిగి అధికారంలోకి వచ్చినప్పుడు ప్రధాని పదవిని సోషలిస్టు మురయామా తోమిఇచికి ఇచ్చి ఆయన ఉప ప్రధానిగా, విదేశాంగ మంత్రిగా సరిపెట్టుకున్నారు. 1995 పార్టీ అధ్యక్ష ఎన్నికలో ప్రత్యర్థి హషిమొతో ముందు నిలవలేనని తెలిసి పోటీనుంచి తప్పుకున్నారు. ఎల్‌డీపీ చరిత్రలో అధ్యక్షుడై ప్రధాని కాకుండా పోయిన మొదటివాడు ఆయనే. 2003 నుంచి 2009 దాకా దిగువసభ స్పీకరుగా చేసి విరమించారు.

యోహెయి చేసిన పనుల్లో ఈ చర్చకు అన్నిటికన్నా ముఖ్యమైనది 1994 జనవరి చివర జరిగింది. ప్రతిపక్ష నేతగా ఆయన ప్రధాని హొసోకావాతో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఎన్నికల సంస్కరణకు ఒప్పుకున్నారు. బహుళ సభ్య నియోజకవర్గాలు పోయి 300 ఏకసభ్య నియోజకవర్గాలు, 200 దామాషా సీట్లు వచ్చాయి. వ్యక్తి చుట్టూ తిరిగే డబ్బు రాజకీయం తగ్గి పార్టీల మధ్య పోటీ పెరుగుతుందని అందరి ఆశ. ఈ పద్ధతిలో మొదటి ఎన్నిక 1996లో జరిగింది. కోనోల పాత నియోజకవర్గం ముక్కలైంది. తండ్రి ఒదవారా ఉన్న 17వ నియోజకవర్గానికి వెళ్లారు. హిరత్సుకా, చిగసాకి, ఒయిసో, నినోమియాలతో ఏర్పడ్డ 15వ నియోజకవర్గంలో 33 ఏళ్ల కొడుకు తారో నిలబడి గెలిచారు. వ్యక్తుల పట్టు తగ్గించడానికి వచ్చిన సంస్కరణ ఈ ఒక్క ఇంటి వరకు ఒక సీటును రెండు చేసింది. ఏకసభ్య పద్ధతికి ఒప్పుకోవడం సరైన నిర్ణయం కాదని యోహెయి తర్వాతి కాలంలో బహిరంగంగానే అన్నారు.

తారో 1963 జనవరిలో పుట్టారు. కెయియో విశ్వవిద్యాలయంలో చేరి కొద్ది నెలలకే వదిలేసి అమెరికాలో జార్జ్‌టౌన్‌లో చదివారు. మధ్యలో 1984లో కమ్యూనిస్టు పోలండులో చదువుకుంటూ, ప్రభుత్వ నిఘాలో ఉన్న కార్మిక నాయకుడు లేక్ వలేసా ఇంటికి వెళ్లి ఒక రాత్రి పోలీసు నిర్బంధంలో గడిపారు. తర్వాత ఫూజీ జిరాక్స్‌లో ఉద్యోగం. వారసులు చాలామంది తండ్రి దగ్గర కార్యదర్శిగా చేరి పని నేర్చుకుంటారు. ఈయన అలా చేయలేదు. ఆ తేడా ఆయన మాటతీరులో ఇప్పటికీ కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఆయన ప్రజాజీవితంలో నన్ను అన్నిటికన్నా కదిలించేది శాసనంతో ముడిపడ్డ ఒక కుటుంబ విషయం. యోహెయికి హెపటైటిస్ సి వల్ల కాలేయం పాడైంది. 2002 ఏప్రిల్‌లో మత్సుమొతోలోని షిన్‌షూ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో తారో తన కాలేయంలో కొంత భాగం తండ్రికి ఇచ్చారు. మెదడు చనిపోయినవారి నుంచి అవయవాలు తీసుకోవడానికి జపాన్ చట్టం అప్పట్లో చాలా కఠినంగా ఉండేది. దాత ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. 15 ఏళ్లలోపు పిల్లల నుంచి తీసుకోవడమే కుదరదు. గుండె మార్పిడి కావాల్సిన పిల్లల్ని తల్లిదండ్రులు చందాలు పోగుచేసి విదేశాలకు మోసుకెళ్లేవారు. ఆరోగ్యవంతుడైన కొడుకు కడుపు కోయించుకుంటే తప్ప తండ్రి బతకని పరిస్థితి ఎందుకుండాలని తారో ఏళ్ల తరబడి అడిగారు. కుటుంబ అనుమతి చాలు, వయసు పరిమితి వద్దు అనే సవరణను ప్రతిపాదించినవాళ్లలో ఆయన ఒకరు. 2009 జూన్ 18న దిగువసభ దాన్ని 263–167 ఓట్లతో ఆమోదించింది. అప్పుడు ఆ సభకు స్పీకరు యోహెయి. వారసత్వం మీద ఎన్ని ఆక్షేపణలున్నా, ఈ పని వెనక ఉన్న నిజాయతీని తీసివేయలేం.

ఇలాంటి పనులు చేయడానికి ఆయనకు ధైర్యం ఎక్కడిది? కొంత స్వభావం, కొంత సీటు. అవోమోరిలోని రొక్కాషోలో అణు ఇంధన పునఃశుద్ధి కర్మాగారానికి 1993లో పునాది పడింది, ఏళ్లు గడుస్తున్నా గడువు వాయిదాపడుతూనే ఉంది. దాని ఖర్చునూ, పేరుకుపోతున్న ప్లుటోనియాన్నీ ఎల్‌డీపీలో ఉంటూనే తప్పుపట్టిన కొద్దిమందిలో తారో ముందువరసలో ఉన్నారు. విద్యుత్ సంస్థలతో అల్లుకుపోయిన పార్టీ అది. 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత అన్ని పార్టీల ఎంపీలతో కలిసి అణు విద్యుత్ వద్దనే బృందం నడిపారు. అంతకుముందు 2009లో పార్టీ 119 సీట్లకు కుప్పకూలినప్పుడు అధ్యక్ష పదవికి పోటీచేసి వృద్ధ వర్గనాయకులు దిగిపోవాలన్నారు. తనిగాకి సదకాజుకు 300 ఓట్లు, ఈయనకు 144. సీటు ఊగే ఎంపీ ఎవరూ ఇంత సాహసం చేయరు. 1996 నుంచి 2024 దాకా పది ఎన్నికల్లో ఆయన ఒక్కసారీ ఓడలేదు. ఎల్‌డీపీ తుడిచిపెట్టుకుపోయిన 2009లో కూడా గెలిచారు. తాత కట్టిన పునాది మనవడికి నోరు విప్పే స్వేచ్ఛ ఇచ్చింది. వారసత్వానికి ఇది నిజమైన మేలు, దీన్ని ఒప్పుకోకుండా విమర్శించడం అన్యాయం.

ఆ స్వేచ్ఛ 2015 అక్టోబరులో మారింది. ప్రధాని అబే ఆయన్ను మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అణు విధానం మీద రాసిన పాత బ్లాగు పేజీలు ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి. 2017 ఆగస్టులో విదేశాంగ మంత్రిగా మనీలాలో చైనా మంత్రి వాంగ్ యీని మొదటిసారి కలిసినప్పుడు, మీ తండ్రి నిజాయతీపరుడు, మీ మాటలు విని నిరాశ కలిగిందని వాంగ్ అన్నారు. పెద్ద దేశంగా ఎలా నడుచుకోవాలో చైనా నేర్చుకోవాలని తారో బదులిచ్చారు. కోనో ప్రకటన అంటేనే మండిపడే పార్టీ సంప్రదాయవాదులకు కొడుకు తండ్రి బాట పట్టడని అక్కడే తెలిసిపోయింది. జపనీయుల పేర్లను మనలాగే ఇంటిపేరుతో మొదలుపెట్టి రాయమని విదేశీ పత్రికలను కోరిందీ ఆ పదవిలో ఉండగానే. రక్షణ మంత్రిగా 2020 జూన్‌లో ఆయన తీసుకున్న నిర్ణయం మాత్రం పాత తారోను గుర్తుచేసింది. అకితా, యమగుచిలలో ఈజిస్ అషోర్ క్షిపణి నిరోధక కేంద్రాలు పెట్టాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ప్రయోగించాక ఊడిపడే బూస్టర్ స్థావరం లోపలే పడుతుందని గ్రామస్థులకిచ్చిన హామీ నిలబెట్టుకోవాలంటే చాలా ఖర్చు, చాలా కాలం పడుతుందని తేలింది. ఆయన ఆ పథకాన్ని ఆపేశారు. ఆ కేంద్రాల్లో ఒకటి ప్రధాని అబే సొంత రాష్ట్రంలోది.

తర్వాత పరిపాలనా సంస్కరణలు. ముద్ర వేయాల్సిన దాదాపు 15,000 ప్రభుత్వ ప్రక్రియల్లో 83 మినహా అన్నిటికీ ముద్ర అక్కర్లేదన్నారు. 2021లో కోవిడ్ టీకాల బాధ్యత చేపట్టి ఇంటింటికీ తెలిసిన ముఖమయ్యారు. 2022 నుంచి డిజిటల్ మంత్రిగా ఫ్లాపీ డిస్కులు సమర్పించాలనే 1,034 నిబంధనలను 2024 జూన్ నాటికి ఒక్కటి తప్ప అన్నీ తీసేయించారు. అదే శాఖలో ఎదురుదెబ్బ కూడా తిన్నారు. పాత ఆరోగ్య బీమా కార్డుల్ని రద్దుచేసి మై నంబర్ గుర్తింపు కార్డుతోనే వైద్యం అన్నారు. ఒకరి వివరాలు మరొకరి ఖాతాకు అంటుకున్న కేసులు 2023లో వరసగా బయటపడ్డాయి. ముసలివాళ్లు భయపడ్డారు, ఆసుపత్రులు విసిగిపోయాయి. ఆయన మంత్రి జీతం 3 నెలలది స్వచ్ఛందంగా వెనక్కి ఇచ్చారు గానీ గడువు మార్చలేదు. నా దృష్టిలో ఇది ఆయన చేసిన పెద్ద తప్పు. ఓటమి భయం లేని సీటు పార్టీ పెద్దల ముందు ధైర్యాన్ని ఇచ్చినట్టే, జనం మాట వినకుండా ఉండగలిగే మొండితనాన్నీ ఇస్తుంది.

2024 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికలో తొమ్మిది మంది నిలబడ్డారు. ఈసారి కార్యకర్తల 368 ఓట్లలో తారోకు పడ్డవి 8. ఎంపీలవి 22. మొత్తం 30తో ఎనిమిదో స్థానం. మూడేళ్ల కిందట 169 ఇచ్చిన కార్యకర్తలు ఎక్కడికి పోయారు? బీమా కార్డు గొడవ ఒక కారణం. నిధుల కుంభకోణంతో పార్టీ వర్గాలన్నీ రద్దవుతుంటే ఆయన మాత్రం మిగిలిన ఒక్కగానొక్క అసో వర్గంలో ఉండిపోవడం మరో కారణం. ఆ వర్గానికి బీజం వేసింది 1999లో యోహెయి. దాన్ని నడుపుతున్న అసో తాత యోషిదా. ఇచిరోను పార్టీ నుంచి వెళ్లగొట్టిన యోషిదా మనవడి గుంపులో, తండ్రి కట్టిన ఇంట్లోనే, ఇచిరో మనవడు ఉన్నారు. 2021లో అసో ఈయన వెనక గట్టిగా నిలబడలేదు కూడా, తన వర్గం వాళ్లను ఇష్టమొచ్చినవారికి ఓటేసుకోమన్నారు. స్వతంత్రుడినని చెప్పుకునే మనిషికి ఆ గుంపు బలం కాలేకపోయింది, దాన్ని వదలకపోవడం మచ్చగా మిగిలింది.

ఇక మొత్తం ప్రశ్న దగ్గరికి వద్దాం. 1994 సంస్కరణ వారసత్వాన్ని అసలు తగ్గించలేదా? డేనియల్ ఎం. స్మిత్ 2018లో ప్రచురించిన పరిశోధన గ్రంథం దీన్ని తరచి చూసింది. కొత్తగా దిగే అభ్యర్థుల్లో వారసుల పాలు సంస్కరణ తర్వాత తగ్గిందనీ, పార్టీ బలం పెరిగేకొద్దీ కుటుంబ సంఘం అవసరం తగ్గుతుందనీ అందులో చూపారు. కానీ ఒకసారి లోపలికి వచ్చిన వారసులు చిన్న వయసులోనే వస్తారు, సీనియారిటీ త్వరగా పోగవుతుంది, మంత్రి పదవులకు ముందుగా చేరతారు. అందుకే గేటు దగ్గర తగ్గిన వాటా పై అంతస్తుల్లో తగ్గినట్టు కనిపించదు. వారసుడి ప్రతిభను కొలిచి వ్యవస్థకు మార్కులు వేయడం ఇందుకే పొరపాటు. తారో మంచి ఎంపీయా కాదా అన్నది హిరత్సుకా ఓటర్ల సంగతి. ఆ సీటుకు 1996లో ఇంకెవరు రాగలిగేవారు అన్నది దేశం సంగతి.

రాలేకపోయినవాళ్ల సంగతి చూడండి. ఏకసభ్య స్థానంలో నిలబడాలంటే డిపాజిట్టే 30 లక్షల యెన్లు. మామూలు ఉద్యోగి ఉద్యోగం వదులుకుని దిగాలి, ఓడితే వెనక్కి దారి లేదు. తర్వాత ప్రధాని అయిన నోదా యోషిహికో వంటి వాళ్లు చిబాలోని రైల్వే స్టేషన్ల ముందు ఏళ్ల తరబడి పొద్దున్నే నిలబడి ప్రసంగిస్తూ పైకొచ్చారు. ఆయన తండ్రి ఆత్మరక్షణ దళంలో సైనికుడు. అంత ఓపిక అందరికీ ఉండదు. మద్దతుదారుల సంఘాలు వారసుడంటే ముందు కొడుకు వైపే చూస్తాయి కాబట్టి స్త్రీలకు దారి ఇంకా ఇరుకు. 2021 ఎన్నికల్లో దిగువసభ 465 మందిలో స్త్రీలు 45 మంది. 2024లో 73కు చేరితే అదే రికార్డు.

దీన్ని సరిచేయాలన్న ప్రయత్నం జరగలేదని కాదు. 2009లో డెమోక్రాటిక్ పార్టీ దగ్గరి బంధువులకు అదే నియోజకవర్గంలో టికెట్ ఇవ్వబోమంది. ఎల్‌డీపీ లోపల అదే మాట గట్టిగా అన్నది సుగా యోషిహిదే. అకితాలో స్ట్రాబెర్రీ రైతు కొడుకు, యోకొహామా కార్పొరేటరుగా మొదలై ప్రధాని అయినవారు. ఆ ఏడాదే మాజీ ప్రధాని కొయిజుమి జున్‌ఇచిరో తన సీటును కొడుకు షింజిరోకు ఇచ్చారు, ఎల్‌డీపీలో ఆ ఆలోచన క్రమంగా నీరుగారిపోయింది. అదే సుగా 2021లో కోనో తారోకు, 2024లో కొయిజుమి షింజిరోకు అండగా నిలబడ్డారు. ఆయన మీద నాకు కోపం లేదు. బయటినుంచి వచ్చిన నాయకుడు కూడా గెలుపు గుర్రం కోసం వెతికితే, చుట్టూ కనిపించేది వారసులే. 2025 అక్టోబరు అధ్యక్ష ఎన్నికలో తారో అసలు పోటీచేయలేదు. షింజిరోను ఓడించి అధ్యక్షురాలై, దేశపు తొలి మహిళా ప్రధాని అయిన తకాయిచి 1992లో మొదటి ఎన్నికలో ఓడి, మరుసటి ఏడాది స్వతంత్రురాలిగా గెలిచి సభకు వచ్చినవారు.

బంధువులకు టికెట్ నిషేధించడం ఓటరు హక్కుతోనూ అభ్యర్థి హక్కుతోనూ ముడిపడ్డ చిక్కు ప్రశ్న. డబ్బు సంచి సంగతి అంత చిక్కు కాదు. జపాన్‌లో వారసత్వ పన్ను గరిష్ఠంగా 55 శాతం. కానీ తండ్రి రాజకీయ నిధుల సంస్థలో ఉన్న డబ్బు కొడుకు సంస్థకు బదిలీ అయితే పన్ను పడదు, అది రాజకీయ సంస్థల మధ్య లావాదేవీ మాత్రమే. దీన్ని చట్టంతో ఆపాలని ప్రతిపక్ష నేతగా నోదా యోషిహికో 2024 ఎన్నికల్లో పట్టుబట్టారు. అధికార పార్టీలో ఈ సవరణను ఎత్తుకోవడానికి ఒక మూడో తరం ఎంపీ ముందుకు వస్తే దాని బరువే వేరు. కాలం చెల్లిన నిబంధనల్ని వెయ్యి దాకా తీసేయించిన చేతికి ఈ ఒక్క నిబంధన కొత్త పని కాదు. ప్రధాని పీఠం కోసం మరోసారి పోటీచేయడం కన్నా కోనో తారో నుంచి నేను ముందు ఆశించేది ఈ సవరణే.